పదకొండో టేకు వాన

సిన్మా రెండ్రోజులే ఆడింది.
మూడో రోజు పొద్దుగాల దేవరకొండ టాకీసు గోడకు
వేరే బొమ్మ అంటవెట్టనీకి మైదా పూస్తుండ్రు.
మా పోస్టరు తడి ఇంకా ఆరనే లేదు.

కథ బాగలేదన్నరు అందరు.
కథ సంగతి నాకెర్కలేదు.
నాకు ఎర్కున్నయి నీళ్లు.
ఐదువేల లీటర్ల ట్యాంకరు, నాలుగు రాత్రులు,
ట్రిప్పుకు తొమ్మిదొందలు, డీజిలు వాళ్లదే.

చందంపేట దిక్కు గుట్టల కింద ఊరు చూసిండ్రు,
ఎండిపోయి మంచిగున్నదంట.
"ఇంత అందమైన కరువు ఇంకెక్కడా దొరకదు" అన్నడు డైరెక్టరు,
సన్నటి పోరడు, మెడల కండువ.
నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక
సర్పంచు పెనిమిటి శాలువ కప్పిండు.

కథ ఆఖరికి వాన రావాలె.
మార్చి నెల. మొగులు మీద మరక సుత లేదు.
వాన నేనే.

డిండి దిక్కు బోరుకాడ నింపుకొని
గుంతల బాటన పదహారు కిలోమీటర్లు తోలుకొచ్చి
పైపులకు కలిపితె
పైకి లేచి, జల్లెడల పడి, లైట్లల్ల మెరిసి
ఎవ్వరి మొక్కూ లేకుండ కురిసేది.

మొదటి టేకు, పైపు పలిగింది.
రెండోదానికి హీరో జలుబన్నడు.
ఆయన బదులు సైదులు దిగిండు,
మోటర్లు బాగుచేసేటోడు, ఎనక నుంచి అవే భుజాలు.
మూడు, నాలుగు నేను చూడలే, నీళ్లకు పోయిన.
ఐదోదాంట్ల కుక్కొచ్చింది.
హీరోయిను పిల్ల వణుక్కుంట
పొయ్యి కాడ కూసొని చాయ్ అడిగింది,
తెలుగుల ఆ ఒక్క మాటే వచ్చు.

పదకొండోదాంట్ల జంగమ్మ ముసల్ది
నడి ఫ్రేముల బిందె వెట్టింది.
కట్ అంటె జరగలే.
"వాన మీది మీరే తీస్కోండ్రి,
కింద వడ్డ నీళ్లు మాయే గద" అన్నది.
ఆమె ఎనక ఇంకో బిందె. బకెట్టు. తొట్టె.
ఎవరిదో పెండ్లినాటి గంగాళం.
అసిస్టెంట్లు ఉరికొచ్చి తరుముతుంటె
నేను వాల్వు కట్టేసుడు మర్చిపోయిన.
మర్చిపోయిన అనే చెప్పిన వాళ్లకు.

కెమెరా ఆయన సుత ఆపలే.
డైరెక్టరు పోరడు తడుసుకుంటనే నిలవడి
"ఇదే, నా సిన్మా ఇదే" అన్నడు.
కడారి లింగయ్య ఏం మాట్లాడలే.
ఎనిమిదెకరాల బత్తాయి తోట అమ్మి పెట్టిన పైస ఆయనది,
ఏండ్లకేండ్లు సాదిన చెట్లు.
"బిందెలు చూడనీకి టికెట్టు ఎవడు కొంటడయ్య"
అని తర్వాత హైదరాబాదుల అన్నడంట.
తప్పన్నడని నేను ఇప్పటికీ అనలేను.

మొదటాటకు సైదులు తల్లి ఇద్దమ్మ
పెట్టెల చీర తీసి కట్టుకొని వచ్చింది.
కొంగుల ఉడకవెట్టిన పల్లికాయ,
ఒక్కటి సుత ఒలవలే.
వాన రావాల్సిన కాడ
ఏదో కొండల పాట వచ్చింది, పచ్చగ, పొగమంచు.
అందరు లేచిండ్రు. ఫ్యాన్లు ఆగినయి.
ఆమె లేవలే.
గేటు కాడి పిలగాన్ని అడిగింది
"ఇంకున్నది గద బిడ్డ? మావోడు ఇంకా రాలే."

సైదులు బయట నా బండి కింద దూరి
ఏం చెడిపోని నట్టును బిగిస్తుండె.

ఆ నీళ్లు మూడ్రోజులొచ్చినయంట జంగమ్మ ఇంటికి.
లైట్ల కింది నీళ్లు గదా,
పప్పు జల్ది ఉడికింది అంటది, నవ్వుతది.

నాకు ఇంకా ఐదువేల తొమ్మిదొందలు రావాలె.
అడుగుదామని ఒక్కపారి గుర్రంపోడు పోయిన.
లింగయ్య అరుగు మీద కూసొని
అమ్మిన తోట దిక్కు వీపు పెట్టిండు.
మంచినీళ్లిచ్చిండు. తాగి వచ్చిన.

బిల్లుబుక్కు బండిలనే ఉన్నది.
ఇటుక, ఇసుక, పెండ్లికి నీళ్లు, స్లాబుకు నీళ్లు,
గీతల నడుమ అంత పద్ధతిగ రాసుకున్న.
ఒక్క కాయితం మీద మాత్రం
సరుకు అన్న కాడ
నా వంకర రాతల
"వాన, పదకొండు ట్రిప్పులు" అని ఉన్నది.
కింద సంతకం లేదు.